బోర్డు లేని షెడ్డులో మా పాత ఫియట్‌కి కొత్త బ్రేకులు

ముందే మార్కులు వేసేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇంటర్ ఫిజిక్స్ పేపర్లు దిద్దుతున్న చెయ్యి, ఊరుకోదు. బేరింగుల పనికి పదికి తొమ్మిదిన్నర. బ్రేకుల పనికి మొదటి విడత నాలుగు, సప్లిమెంటరీలో ఎనిమిది. చెప్పిన రోజుకి బండి ఇవ్వడంలో సున్నా. నాలుగు రోజులన్నారు, పంతొమ్మిది పట్టింది.

బండి 1981 ప్రీమియర్ పద్మిని. కాగితాల్లో పేరు అదైనా మా వీధిలో దాన్ని ఫియట్ అని తప్ప ఎవరూ అనలేదు. అసలు ఆ మోడల్ పుట్టిందీ ఆ పేరుతోనే. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, డెబ్బైలలో పద్మిని అయింది. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ కిందే గేర్ రాడ్డు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మూడక్షరాల పాత నంబర్ ప్లేటు ఇప్పటికీ అదే. నాన్న పోయాక అమ్మేద్దామని తమ్ముడన్నాడు, నేను వద్దన్నాను. అప్పటినుంచి పెట్రోలు నాది, సలహాలు వాడివి.

గొడవ చప్పుడుతో మొదలైంది. నెక్లెస్ రోడ్డు మీద నలభై దాటితే ముందునుంచి ఊఁ... అని మూలుగు. టైర్ల మోత అనుకున్నాను. టైర్లు వెనక్కీ ముందుకీ మార్పించినా అదే రాగం. కానీ రోడ్డు ఎడమకి తిరిగే చోట మోత పెరిగేది, కుడికి తిరిగితే తగ్గేది. ఎడమకి తిరుగుతున్నప్పుడు బండి బరువు కుడి చక్రాల మీద వాలుతుంది. కాబట్టి పోయింది కుడి ముందు బేరింగ్. ఇంటికొచ్చి జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్కుటక్కుమంది. తమ్ముడిని లోపల కూర్చుని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాను. ఊపు ఆగిపోయింది. బ్రేకు తొక్కినా ఊగితే బాల్ జాయింటో, కింగ్ పిన్నో చూసుకోవాలి. ఆగిందంటే బేరింగే.

ఎలాగూ హబ్బులు, అంటే చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగాలు, విప్పాలి కదా, ఆ చేత్తోనే ముందు డిస్క్ బ్రేకులు వేయిస్తే? ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కిందటి వానాకాలం రాణిగంజ్ రైలు వంతెన కింద మోకాలి లోతు నీళ్లు దాటి వచ్చి, ముందు ఆటో ఆగితే బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. డ్రమ్ములో చేరిన నీళ్లు అంత త్వరగా బయటికి పోవు, డ్రమ్ముని లోపలినుంచి ఒత్తి ఆపే షూల మీది లైనర్ తడిస్తే జారుతుంది. ఆ ఆటో వెనక రాసున్న ‘అమ్మ దీవెన’ నా బానెట్‌కి జానెడు దూరం దాకా వచ్చింది. డిస్క్ అయితే బయటికే ఉంటుంది, రెండు చుట్లు తిరిగేలోపు నీళ్లు విసిరేస్తుంది.

వేడి సంగతి వేరే. మా బండి బరువు దాదాపు 900 కేజీలు. మనుషులూ సామానూ కలిపి 1100 అనుకోండి. గంటకి 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే బ్రేకులు సుమారు లక్షన్నర జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. ఆ వేడితో అర లీటరు నీళ్లు మామూలు చల్లదనం నుంచి మరుగుదాకా వస్తాయి. అంటే ఒక్కసారి గట్టిగా ఆపితే నలుగురికి చాయ్. పంజగుట్ట నుంచి సికింద్రాబాద్ వచ్చేలోపు ఎంతమందికి చాయ్ పెడుతున్నామో లెక్కేసుకోండి. ఆ వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి దిగుతుంది. డిస్క్ వేడెక్కితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. ఇది పదో తరగతి పాఠమే, ఆటో వెనక బ్రేకు తొక్కుతున్నప్పుడు మాత్రం గుర్తురాదు.

బ్రేకు తొక్కితే బరువంతా ముందుకి వాలుతుంది కాబట్టి పని ఎక్కువ చేసేది ముందు చక్రాలే. వెనక డ్రమ్ములు ఉండనిచ్చి ముందు మాత్రం మార్చడం అందుకే సరిపోతుంది. హ్యాండ్ బ్రేక్ జోలికీ వెళ్లనక్కర్లేదు.

షెడ్డు గురించి నాకు చెప్పింది మా టైర్ల అబ్బాయి. బాలానగర్ పారిశ్రామికవాడ వైపు, రెండు లేత్ షాపుల మధ్య, రేకుల కింద. బోర్డు లేదు. అందుకే ఇక్కడా పేరు రాయడం లేదు, రాయడానికి లేదు కాబట్టి. ఉస్తాద్‌కి అరవై దాటి ఉంటాయి. ఆయన కొడుకు చిన్న ఉస్తాద్. ఇద్దరు కుర్రాళ్లు. పక్కన కూల్‌డ్రింకుల కొట్టు, దాని సంగతి తర్వాత చెప్తాను. నేను ముగ్గురు మెకానిక్‌ల దగ్గరికి తిరిగి ఇక్కడికొచ్చాను. మొదటాయన నా వెనక మగవాళ్లెవరైనా ఉన్నారేమోనని చూశాడు. రెండో ఆయన చక్రాన్ని మోసే ఇరుసు, అదే స్టబ్ యాక్సిల్, కోసి వేరే బండిది అతికిస్తానన్నాడు. మూడో ఆయన బండి అమ్మేయమన్నాడు, కొనడానికి ఆయనే రెడీ.

ఈ ఉస్తాద్ మాత్రం కింద దూరి చూసి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ ఒకటే అడిగాడు. "అమ్మా, పాత సామాను మళ్లా ఎక్కియ్యాల్నంటే ఎక్కేటట్టు ఉండాల్నా, అక్కర్లేదా?" ఉండాలన్నాను. "అయితే ఏదీ కొయ్యం. ప్లేటు చేయించి బోల్టుల మీద పెడ్తం" అన్నాడు. నాకు కావలసిన మాట అదే. యాభై ఏళ్లు దాటిన బళ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే కేంద్ర నిబంధన 2021లో వచ్చింది. చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసిన బండికి అది ఇవ్వరు. మా ఫియట్‌కి 2031లో యాభై నిండుతాయి. అప్పటికి ఎవరేం అడుగుతారో, పాత డ్రమ్ములు ఆయిల్ పూసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను. వాటి పక్కనే అమ్మ ఇత్తడి బిందెలు. అమ్మ ఒప్పుకోలేదు, పెట్టాక చెప్పాను.

బేరింగులు నేనే తెస్తానన్నాను. అది నా అతి తెలివి. రాణిగంజ్‌లో బేరింగ్ కొట్లు వరసగా ఉంటాయి. పాత బేరింగ్ పట్టుకెళ్తే నంబరు చూడకుండానే, చేతిలో తూచి, లోపలికి కేకేస్తారు. ఒక కొట్లో మిగతావాళ్లు చెప్పినదానికి సగం ధరకి పెద్ద కంపెనీ డబ్బాల్లో నాలుగు ఇచ్చారు. సంబరంగా షెడ్డుకి తీసుకెళ్లాను. ఉస్తాద్ డబ్బా తెరిచి, బేరింగ్ చెవి దగ్గర తిప్పి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టాడు. నేనూ తిప్పాను. చీపురుతో ఇసుక ఊడ్చినట్టు చప్పుడు. కప్పు, అంటే బేరింగ్ బయటి వలయం, మీద అక్షరాలు గోటికి తగులుతున్నాయి, ఒక్కో బేరింగ్ మీద ఒక్కో లోతులో. ఎస్‌కెఎఫ్ వాళ్లకి అసలూ నకిలీ తేల్చే యాప్ ఉంది, ఫొటోలు పంపితే చూసి చెప్తారు. పంపాను. నకిలీవే. కొట్టువాడు మర్నాడు నన్ను గుర్తుపట్టలేదు. పదిహేడు వందలు పోయాయి.

రెండోసారి ఉస్తాద్ రాసిచ్చిన చీటీతో, ఆయన చెప్పిన కొట్టుకే వెళ్లాను. ఆ కొట్టు పెద్దాయన బిల్లు రాస్తూ ఒక కిటుకు చెప్పాడు. మెట్రిక్ బేరింగ్ నంబర్లో చివరి రెండు అంకెల్ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం కొలత. 30205 అంటే 05 ఇంటూ 5, 25 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది. పాత బళ్లలో అంగుళాల సైజులూ ఉంటాయి కాబట్టి నా బిల్లులోని నంబర్లు చూసి మీరు కొనకండి. మీ యాక్సిల్‌ని వెర్నియర్‌తో కొలిపించి కొనండి. టేపర్ బేరింగ్‌లో లోపలి కోను, బయటి కప్పు జతగా పుట్టినవి. పాత కప్పు బాగానే ఉంది కదా అని కొత్త కోను మాత్రం వేసేవాళ్లున్నారు. అలాంటి పనివల్లే మాది మూలిగిందని తర్వాత తేలింది. కుడి హబ్బులో కప్పూ కోనూ వేర్వేరు కంపెనీలవి.

బేరింగులు ఎక్కించిన రోజు కాలేజీకి సెలవు పెట్టి చూశాను. ఆ ఒక్క రోజుకే తొమ్మిదిన్నర మార్కులు. పాత కప్పుని ఇత్తడి కడ్డీతో ఈ పక్కొకటి, ఆ పక్కొకటి కొడుతూ సమంగా దించారు. ఉలి వాడలేదు. కొత్త కప్పులు పొద్దున్నుంచి పక్క కొట్టు ఫ్రీజర్లో, ఐస్‌క్రీముల కింద ఉన్నాయి. చలికి కప్పు పిసరంత ముడుచుకుంటుంది, ఎండలో పెట్టిన హబ్బు పిసరంత వెడల్పవుతుంది. కుర్రాడు పరుగున తెచ్చి పెడితే, పాత కప్పునే పైన ఆనించి నాలుగు దెబ్బలు వేశారు. చప్పుడు ఖంగుమని మారగానే ఉస్తాద్ చెయ్యెత్తాడు. కప్పు అడుగుకి కూర్చుందన్నమాట. కొట్టాయన ఫ్రీజర్ అద్దె కింద అందరిచేతా తలో సోడా తాగించాడు.

తర్వాత గ్రీజు. డిస్క్ వేడి నేరుగా హబ్బులోకి వస్తుంది కాబట్టి మామూలు చాసిస్ గ్రీజు పనికిరాదు, ఎక్కువ వేడికి కారిపోని లిథియం కాంప్లెక్స్ రకం కావాలి. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగ్ వెడల్పు అంచుతో దాన్ని చెక్కుతూ పోతారు, రోలర్ల సందుల్లోంచి పైకి ఉబికేదాకా. మిరపకాయ బజ్జీలోకి వాము, చింతపండు కూరినట్టే. హబ్బు లోపల మాత్రం నిండా నింపలేదు, మూడో వంతు వదిలారు. నింపేస్తే వేడికి దారి వెతుక్కుని సీలు దాటి డిస్క్ మీదికి వస్తుంది.

ఇక నట్టు. మా పాత మెకానిక్ తన బలమంతా పెట్టి బిగించి, నట్టు తిరగకుండా పిన్ను కొట్టి, చేతులు దులుపుకునేవాడు. ఉస్తాద్ చక్రాన్ని తిప్పుతూనే నట్టు బిగించాడు, రోలర్లు సర్దుకోవడానికి. తర్వాత పూర్తిగా వదులు చేశాడు. మళ్లీ పానా లేకుండా వేళ్లతో బిగించాడు. డయల్ గేజ్ అయస్కాంతం మీద నిలబెట్టి హబ్బుని ముందుకీ వెనక్కీ లాగితే ముల్లు 0.05 మిల్లీమీటర్ చూపించింది. "చక్రం కొంచెం ఊగాలె అమ్మా. ఊగకుంటే కాల్తది" అన్నాడు. పిన్ను కొత్తది వేశాడు. పాత పిన్ను సాగదీసి మళ్లీ వాడబోయిన కుర్రాడికి ఉర్దూలో ఏదో పడింది, నాకు సగమే అర్థమైంది.

బ్రేకుల విషయానికి వస్తే, కాలిపర్లు, అంటే ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కి పట్టేవి, మారుతి ఎస్టీమ్ కారువి వాడారు. ఆ బండి బరువు మా ఫియట్‌కి దగ్గర, పైగా దాని చక్రాలు 13 అంగుళాలవి కాబట్టి మా 14 అంగుళాల చక్రంలో అవి పడతాయి. అలా అనుకున్నాం. వ్యాసంలో పట్టాయి, లోతులో పట్టలేదు. చక్రం ఎక్కించి తిప్పితే కాలిపర్ వీపు చక్రానికి రాసుకుంది. చిన్న ఉస్తాద్ హబ్బుకీ చక్రానికీ మధ్య స్పేసర్ బిళ్ల వేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. కొత్త బేరింగులు వేసిన రోజే చక్రాన్ని బయటికి నెట్టి వాటి మీద అదనపు మెలి పెట్టడం ఎందుకు? బ్రాకెట్ ప్లేటు మళ్లీ లేత్‌కి వెళ్లింది. లేత్ ఆయన మేనకోడలి పెళ్లికి కరీంనగర్ వెళ్లాడు. పంతొమ్మిది రోజుల్లో ఆరు రోజులు ఆ పెళ్లివే.

బండి చేతికొచ్చిన సాయంత్రం బోయినపల్లి దాటేదాకా గాల్లో తేలిపోయాను. ప్యారడైజ్ దగ్గరకొచ్చేసరికి వాసన. బిర్యానీ కాదు. పక్కకి ఆపి వీల్ క్యాప్ దగ్గర చెయ్యి పెడితే పొయ్యి మీద పెనం. న్యూట్రల్లో పెట్టి తోస్తే బండి కదలదు, బ్రేకులు పట్టేసి ఉన్నాయి. ఫోన్ చేస్తే చిన్న ఉస్తాద్ ఇరవై నిమిషాల్లో బైక్ మీద వచ్చాడు. నేలమీద పడుకుని కాలిపర్ బ్లీడర్ నట్టు, అంటే బ్రేకుల్లో ఎయిర్ తీసే నట్టు, పావు చుట్టు వదిలాడు. బ్రేక్ ఆయిల్ చిమ్మింది, ఆ క్షణమే చక్రం ఫ్రీ అయింది. ఇది అందరూ గుర్తుంచుకోవాల్సిన పరీక్ష. నట్టు వదిలాక కూడా చక్రం పట్టేసే ఉంటే కాలిపర్ పిస్టన్ గానీ, అది జరిగే పిన్నులు గానీ ఇరుక్కున్నట్టు. వదిలిందంటే పైపులో ప్రెషర్ నిలిచిపోతోందన్నమాట.

నిలవడానికి కారణం పాత మాస్టర్ సిలిండర్, పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది. డ్రమ్ బ్రేకుల కోసం దానిలో చిన్న వాల్వ్ ఉంటుంది. పెడల్ వదిలాక కూడా పైపులో కొంచెం ప్రెషర్ పట్టి ఉంచడం దాని పని. టైర్ల గాలి కొలిచే లెక్కలో సుమారు 10 పీఎస్‌ఐ. డ్రమ్ములో షూలని వెనక్కి లాగే గట్టి స్ప్రింగులుంటాయి కాబట్టి ఆ ప్రెషర్ వల్ల నష్టం లేదు. డిస్క్‌లో అలాంటి స్ప్రింగు లేదు, కాలిపర్ లోపలి రబ్బరు సీలే పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. 10 పీఎస్‌ఐ ముందు అది ఏం చేయగలదు? ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. వేడికి ఆయిల్ ఉబ్బి ఇంకా బిగుస్తుంది.

నిజానికి మొదటి రోజే అడిగాను, మాస్టర్ సిలిండర్ మార్చక్కర్లేదా అని. అక్కర్లేదు, పైసలు దండగ అన్నారు. అందుకే నాలుగు మార్కులు. బేరింగ్ దగ్గర అంత ఓపిక చూపించిన మనిషి ఇక్కడ ఎందుకు తొందరపడ్డాడో నాకిప్పటికీ తెలియదు. పాత సిలిండర్‌లో ముందుకీ వెనక్కీ ఒకటే లైను, వాల్వ్ తీసేస్తే వెనక డ్రమ్ములకి లోటు. కాబట్టి రెండు గదుల టాండెమ్ సిలిండర్ వేయాల్సిందే. ఒక గది ముందు చక్రాలకి, ఒకటి వెనక్కి. ఒక పైపు పగిలినా రెండోది ఆపుతుంది. నలభై ఏళ్లు ఒక్క పైపుని నమ్ముకుని తిరిగామని అప్పుడు కానీ తట్టలేదు. దాంతోపాటు వాక్యూమ్ బూస్టర్, ఇంజిన్ పీల్చే బలంతో పెడల్‌కి సాయం చేసేది. డ్రమ్ములో తిరిగే డ్రమ్మే షూని తనవైపు లాక్కుని సాయం చేస్తుంది. డిస్క్‌లో ఆ సాయం లేదు, నొక్కాల్సిందంతా మన కాలే. బూస్టర్ లేకుండా అమ్మ ఈ బండి ఆపలేదు. అమ్మకి డెబ్బై నాలుగు, అప్పుడప్పుడూ నడుపుతుంది, మీరు చదివింది కరెక్టే.

ఉస్తాద్ వాదించలేదు. సామాను ఖర్చు నాది, పని ఖర్చు ఆయనది అన్నాడు. ఆ ఎనిమిది మార్కుల్లో రెండు ఈ మాటకి. ముందు రబ్బరు హోసులు కొత్తవి, ఆయిల్ డాట్ 4. తాజా డాట్ 4 మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర, డాట్ 3 అయితే 205. గాలిలో తేమ తాగేకొద్దీ రెండూ పడిపోతాయి కాబట్టి సీలు తీసిన సీసా ఆయిల్ వద్దన్నాను. మళ్లీ వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి ఎయిర్ తీశారు.

మొదటి అంచనా ముప్పై వేలు. అయింది నలభై ఐదు వేల ఏడు వందలు. ఇందులో డిస్కులు, ప్యాడ్లు, కాలిపర్లు పద్నాలుగున్నర, మాస్టర్ సిలిండర్, బూస్టర్ తొమ్మిది, లేత్ పని ఆరు, బేరింగులు, సీళ్లు, గ్రీజు కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు. మిగతాది హోసులు, పైపులు, ఆయిల్, కూలి. నకిలీ బేరింగుల పదిహేడు వందలు ఈ లెక్కలోకి రావు. అవి ట్యూషన్ ఫీజు.

ప్యాడ్లు కుదురుకోవడానికి పొద్దున్నే ఔటర్ సర్వీస్ రోడ్డు మీద యాభై నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, పాతికసార్లు బ్రేకు వేసుకుంటూ తిరిగాను. తర్వాతి ఆదివారం తమ్ముడితో అనంతగిరి. చిన్నప్పుడు ఆ ఘాట్ దిగుతూ నాన్న సగంలో బండి ఆపేవారు. మూసీ పుట్టింది ఇక్కడే తెలుసా అని మొదలుపెట్టేవారు. బ్రేకులు చల్లారడానికి ఆపేవారని మాకు చాలా ఏళ్లకి తెలిసింది. ఈసారి గుడి దగ్గర్నుంచి వికారాబాద్ వైపు ఆపకుండా దిగాం. పెడల్ మొదటి మలుపులో ఎక్కడుందో చివరి మలుపులోనూ అక్కడే ఉంది. కింద ఆగి ల్యాబ్ నుంచి తెచ్చిన థర్మామీటర్ తుపాకీ పెడితే డిస్క్ 140 డిగ్రీలు చూపించింది. మెరిసే ఇనుము మీద ఈ తుపాకీ తక్కువే చూపిస్తుంది, అసలు ఇంకా ఎక్కువ ఉంటుంది. హబ్బు మూత మాత్రం చెయ్యి పెట్టి ఉంచగలిగేంత వెచ్చన. గట్టిగా ఆపినా బండి ఏ పక్కకీ లాగలేదు. ఆ మూలుగు లేని నిశ్శబ్దంలో వెనక డోరు గిలక్కాయలా ఊగుతోందని మొదటిసారి వినపడింది.

బాగోలేనివీ ఉన్నాయి. పెడల్ ఇప్పుడు మరీ మెత్తన, మొదటి వారం తమ్ముడు రెండుసార్లు డ్యాష్‌బోర్డుకి నమస్కారం పెట్టాడు. చక్రాల మీద నల్లటి ప్యాడ్ దుమ్ము. వెనక చక్రాలు వానలో గట్టిగా తొక్కినా తొందరగా లాక్ కావడం లేదు కానీ, వెనక డ్రమ్ములు తరచూ అడ్జస్ట్ చేయించకపోతే హ్యాండ్ బ్రేక్ లూజవుతుంది. బానెట్ ఎత్తి చూసిన ఒక పాత కార్ల పెద్దమనిషి బూస్టర్ చూసి, చెప్పులేసుకుని గుళ్లోకి వెళ్లినట్టు చూశాడు నన్ను. ఆయన బండి ఇంట్లో కవర్ కింద ఉంటుంది. నాది రోజూ తార్నాక వెళ్లి రావాలి.

వెయ్యి కిలోమీటర్లయ్యాక రమ్మన్నాడు ఉస్తాద్. వెళ్లాను. రెండు హబ్బులూ విప్పి, గేజ్ పెట్టి, ఎడమవైపు నట్టుని ఒక్క గాడి జరిపి కొత్త పిన్ను వేశాడు. డబ్బులు తీసుకోలేదు. మీరు వెళ్తే శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకండి, షట్టర్ దించి ఉంటుంది. మాస్టర్ సిలిండర్ మాట మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి. లేత్ ఆయన ఇంట్లో పెళ్లిళ్లేమైనా ఉన్నాయేమో కనుక్కోండి. బండి గురించి చెప్పేటప్పుడు ఫియట్ అనండి. నేను మొదటిసారి ఫోన్లో పద్మినికి బ్రేకులు పడట్లేదు అంటే, ఆయన చాలాసేపు ఆగి, "ముందుగాల డాక్టర్‌కి చూపియ్యండమ్మా" అన్నాడు.